థింక్‌సెంటర్ ఎం720క్యూ టైనీ: ఇంట్లో భద్రతా పరీక్షల ల్యాబ్ కోసం ఒక పాత యంత్రం, దాని సమీక్ష

ఒక కంప్యూటర్ వ్యవస్థలోకి దొంగ ఏ దారిన చొరబడగలడో యజమాని అనుమతితో ముందుగానే పరీక్షించి చెప్పడం పుస్తకం చదివితే వచ్చే పని కాదు. చేసి చూడాలి, చెడగొట్టాలి, చెడినదాన్ని మళ్లీ మొదటి స్థితికి తెచ్చి ఇంకో పద్ధతిలో ప్రయత్నించాలి. అందుకు సొంత ల్యాబ్ కావాలి. అలాంటి ల్యాబ్ కోసం అనంతపురంలో నేను కొన్న ఒక పాత యంత్రం గురించి ఈ సమీక్ష రాస్తున్నాను. అది లెనోవో థింక్‌సెంటర్ ఎం720క్యూ టైనీ, ఇంటెల్ కోర్ ఐ5-8500టీ ప్రాసెసర్‌తో 2018 నాటి తరానికి చెందినది. నగరాల్లోని కార్యాలయాల్లో కొన్నేళ్లు పనిచేసి, లీజు ముగిశాక బయటికి వచ్చిన ఇలాంటి డెస్క్‌టాప్‌లను శుభ్రం చేసి, ‘రీఫర్బిష్డ్’ పేరుతో ఇప్పుడు మన రాయలసీమ పట్టణాల్లోని దుకాణాల్లో కూడా అమ్ముతున్నారు. నేనూ, ఇంజనీరింగ్ చదువుతున్న మా అక్క కూతురూ కొంతకాలంగా దీని మీదే సాధన చేస్తున్నాం. ర్యామ్ పెంచుకోవడానికి సిద్ధపడితే, ల్యాబ్ నెట్‌వర్క్‌ను ఇంటి నెట్‌వర్క్ నుంచి విడదీసే ఓపిక ఉంటే, ఈ ధరలో విద్యార్థికి ఇంతకన్నా మంచి యంత్రం దొరకడం కష్టమని నా అభిప్రాయం. ఆ రెండింటిలో ఏది లేకపోయినా దీన్ని కొనమని నేను చెప్పను.

సాధన ఇంట్లోనే ఎందుకు చేయాలనే ప్రశ్నకు మొదటి జవాబు చట్టంలో ఉంది. సమాచార సాంకేతిక చట్టం, 2000 లోని 43వ సెక్షన్ ప్రకారం యజమాని అనుమతి లేకుండా ఇతరుల కంప్యూటర్‌లోకి గానీ నెట్‌వర్క్‌లోకి గానీ ప్రవేశించడం, అందులోని సమాచారం తీసుకోవడం, దాని పనికి అంతరాయం కలిగించడం నష్టపరిహారం చెల్లించవలసిన తప్పులు. అదే పనిని మోసపూరితంగానో దురుద్దేశంతోనో చేసినట్లు తేలితే 66వ సెక్షన్ కింద 3 సంవత్సరాల వరకు జైలు, 5 లక్షల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. నేర్చుకోవాలనే ఉత్సాహంతో కాలేజీ వైఫై మీదనో, ఊళ్లోని ఏదో సంస్థ వెబ్‌సైట్ మీదనో పరికరాలు నడిపి చూసే పిల్లలు ఉన్నారు. వాళ్ల ఉత్సాహం మంచిదే, కానీ దానికి సరైన స్థలం చూపించవలసిన బాధ్యత పెద్దవాళ్లది. దెబ్బ తిన్నా ఎవరికీ నష్టం లేని, తన సొంతమైన యంత్రం ఒకటి ముందుంటే ఆ పిల్లలకు బయటికి చూడవలసిన అవసరమే రాదు.

యంత్రం రూపం గురించి ఎక్కువ చెప్పవలసింది లేదు. పొడవు, వెడల్పు సుమారు 18 సెంటీమీటర్లు, మందం మూడున్నర సెంటీమీటర్లు. గోడ అల్మరాలో పుస్తకాల పక్కన ఇమిడిపోతుంది. ప్రాసెసర్‌లో 6 కోర్లు ఉన్నాయి, ఒక్కో కోర్‌ను రెండుగా వాడే హైపర్‌థ్రెడింగ్ లేదు కాబట్టి థ్రెడ్లు కూడా 6 మాత్రమే. మూల వేగం 2.1 గిగాహెర్ట్జ్, అవసరమైనప్పుడు 3.5 వరకు వెళ్తుంది. విద్యుత్ పరిమితి 35 వాట్ల తరగతికి చెందినది. ల్యాప్‌టాప్‌లలో వాడే రకం డీడీఆర్4 ర్యామ్ కోసం రెండు స్లాట్లు, వేగమైన ఎన్‌వీఎంఈ డిస్క్ కోసం ఒక ఎం.2 స్లాట్, రెండున్నర అంగుళాల డిస్క్ కోసం ఒక చోటు, ఒకే ఒక గిగాబిట్ నెట్‌వర్క్ పోర్ట్ ఉన్నాయి. వెనుక ఉన్న ఒక్క మర విప్పితే మూత జారి వస్తుంది. ర్యామ్, డిస్క్ మార్చడానికి మెకానిక్ అవసరం లేదు.

కొనేటప్పుడు ఇందులో ఉన్నది 8 జీబీ ర్యామ్. “అన్నా, ఎనిమిది జీబీ చాలు, అందరూ ఇదే తీసుకుంటారు” అని దుకాణంలోని అబ్బాయి నమ్మకంగా చెప్పాడు. ఆఫీసు పనికి, చదువుకు ఆ మాట నిజమే. భద్రతా పరీక్షల ల్యాబ్‌కు మాత్రం అది ఏమాత్రం సరిపోదు, ఎందుకో కొంచెం వివరంగా చెబుతాను. ల్యాబ్ అంటే ఒక్క కంప్యూటర్ కాదు. ఒకే పెట్టెలో దాడి చేసే యంత్రం, దెబ్బ తినే యంత్రాలు, వాటి మధ్య రాకపోకలను అదుపు చేసే ఫైర్‌వాల్, జరిగినదంతా నమోదు చేసే పర్యవేక్షణ యంత్రం, అన్నీ వర్చువల్ మెషీన్ల రూపంలో, అంటే నిజమైన కంప్యూటర్‌లా ప్రవర్తించే సాఫ్ట్‌వేర్ కంప్యూటర్లుగా, ఒకేసారి నడవాలి. ప్రాసెసర్‌ను అవి వంతుల వారీగా పంచుకుంటాయి కాబట్టి పని లేకుండా ఉన్న వర్చువల్ మెషీన్ దాని మీద దాదాపు భారం వేయదు. ర్యామ్ అలా కాదు. ఒక మెషీన్‌కు 4 జీబీ ఇస్తే, ముఖ్యంగా విండోస్ మెషీన్‌కు ఇస్తే, అది నడుస్తున్నంతసేపూ ఆ భాగం ఇంకొకరికి దొరకదనే లెక్క వేసుకోవాలి.

మా లెక్క ఇలా ఉంది. కింద ఉండే మూల వ్యవస్థకు 2 జీబీ, దాడి పరికరాలతో వచ్చే కాలీ లినక్స్‌కు 4, సాధన కోసం కావాలనే లోపాలతో తయారు చేసిన మెటాస్ప్లాయిటబుల్ 2 కు 1, ఫైర్‌వాల్‌కు 1, వెబ్ సాధన యాప్‌లు ఉన్న కంటైనర్‌కు (వర్చువల్ మెషీన్ కన్నా తేలికైన విడి గదికి) 1. ఇంతవరకు 9 జీబీ. ఇక్కడితో ఆగేవారికి 16 జీబీ సరిపోతుంది. కానీ కార్యాలయాల్లో నిజంగా కనబడేది విండోస్ డొమైన్, అంటే ఒకే సర్వర్ అదుపులో అందరి ఖాతాలు, కంప్యూటర్లు ఉండే ఏర్పాటు. దాన్ని సాధన చేయాలంటే విండోస్ సర్వర్‌కు 4, దానికి చేర్చిన రెండు విండోస్ క్లయింట్లకు చెరి 4, మొత్తం 12 జీబీ కలుస్తుంది. పర్యవేక్షణ కోసం వాజూ పెడితే దానికి ఇంకో 8. మొత్తం 29 జీబీ. అందుకే ఉన్న ర్యామ్ తీసేసి 16 జీబీ ర్యామ్ స్టిక్‌లు రెండు వేశాను. ఈ యంత్రం విలువ ఆ రోజుతో నాకు పూర్తిగా తెలిసింది. 8 జీబీతో మూడో వర్చువల్ మెషీన్ తెరవగానే డిస్క్ మీద పడి నీరసించిపోయిన పెట్టె, 32 జీబీతో అన్నింటినీ కలిపి తడబడకుండా నడుపుతోంది. డబ్బు పరిమితంగా ఉన్న విద్యార్థి ఐ7 ప్రాసెసర్ కోసం ఎక్కువ పెట్టడం కన్నా ఐ5తో సరిపెట్టుకొని మిగిలినది ర్యామ్ మీద పెట్టడం మేలు.

డిస్క్ విషయంలోనూ ఇదే మాట. దుకాణంలో ఇచ్చే 256 జీబీ తొందరగా నిండిపోతుంది. ఒక్కో విండోస్ మెషీన్ అప్‌డేట్లతో కలిపి 20, 30 జీబీ తింటుంది, వాటి మీద తీసే స్నాప్‌షాట్లు (ఆ క్షణంలోని స్థితి నకళ్లు) వేరు. ఒక టీబీ ఎన్‌వీఎంఈ డిస్క్ వేసుకుంటే ఏది తొలగించాలా అని రోజూ వెతుక్కునే పని ఉండదు.

మూల వ్యవస్థగా ఏది వాడాలనేది తర్వాతి ప్రశ్న. విండోస్ ఉంచుకొని దాని మీద వర్చువల్ మెషీన్లు నడిపే వర్చువల్‌బాక్స్ పెట్టుకోవచ్చు, లేదా డిస్క్ మొత్తం చెరిపి, అదే పని చేసే ప్రాక్స్‌మాక్స్ వేసుకోవచ్చు. ఇంట్లో వేరే కంప్యూటర్ లేనివారికి మొదటి దారే మంచిది. అయితే విండోస్‌లో దాని సొంత వర్చువలైజేషన్ వ్యవస్థ హైపర్-వి గానీ, దాని మీద ఆధారపడే మెమరీ ఇంటిగ్రిటీ రక్షణ గానీ నడుస్తుంటే వర్చువల్‌బాక్స్ కిటికీ అడుగున చిన్న తాబేలు బొమ్మ కనిపిస్తుంది, మెషీన్లు కూడా ఆ బొమ్మకు తగ్గట్టే నడుస్తాయి. మేము ప్రాక్స్‌మాక్స్ ఎంచుకున్నాం. వియన్నాలోని సంస్థ 2008 నుంచి విడుదల చేస్తున్న ఈ ఉచిత వ్యవస్థ డెబియన్ లినక్స్ ఆధారంగా, లినక్స్‌లోనే ఉండే కేవీఎం అనే వర్చువలైజేషన్ పద్ధతిలో పనిచేస్తుంది. సహాయం కావాలనుకునే సంస్థలే చందా కట్టాలి, ఇంట్లో వాడుకకు అవసరం లేదు. యంత్రానికి మానిటర్, కీబోర్డ్ కూడా అక్కర్లేదు. ఇంట్లో ఉన్న ఏ ల్యాప్‌టాప్ నుంచైనా బ్రౌజర్‌లో 8006 పోర్ట్ తెరిస్తే మొత్తం ల్యాబ్ కనిపిస్తుంది. ఈ చిన్న పెట్టెకు ప్రాక్స్‌మాక్స్ బాగా కుదిరింది, ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ఏ డ్రైవర్ కోసమూ వెతకవలసిన పని పడలేదు.

ఇక అన్నింటికన్నా ముఖ్యమైన సంగతి, ల్యాబ్‌ను ఇంటి నుంచి వేరు చేయడం. ఇది సరిగ్గా చేయకపోతే యంత్రం ఎంత మంచిదైనా ఇంట్లో ప్రమాదాన్ని పెట్టుకున్నట్లే. కావాలనే లోపాలతో తయారు చేసిన మెటాస్ప్లాయిటబుల్ లాంటి మెషీన్‌ను బ్రిడ్జ్ పద్ధతిలో కలిపితే, అది ఇంటి రౌటర్ దగ్గర చిరునామా తీసుకొని, అమ్మానాన్నల ఫోన్లు, టీవీ, సీసీ కెమెరా ఉన్న నెట్‌వర్క్‌లోనే కూర్చుంటుంది. ఇంట్లో ఇప్పటికే ఏదైనా ఫోన్‌లో చెడ్డ యాప్ ఉంటే దానికి దొరికే మొదటి తలుపు ఇదే అవుతుంది. బ్యాంకు లావాదేవీలు కూడా ఆ ఫోన్లలోనే జరుగుతున్నాయని గుర్తుంచుకోవాలి. ఈ ఒక్క విషయంలో అశ్రద్ధ చేసి ఇంటివాళ్లకు నష్టం తెచ్చే పిల్ల గానీ పిల్లవాడు గానీ ఉండకూడదనేదే నేను ఈ సమీక్ష రాయడానికి ప్రధాన కారణం.

వర్చువల్‌బాక్స్‌లో ఇందుకు హోస్ట్-ఓన్లీ, ఇంటర్నల్ నెట్‌వర్క్ అనే రెండు పద్ధతులు ఉన్నాయి. హోస్ట్-ఓన్లీలో వర్చువల్ మెషీన్లు తమలో తామూ, కింద ఉన్న కంప్యూటర్‌తోనూ మాత్రమే మాట్లాడతాయి, మామూలుగా 192.168.56తో మొదలయ్యే చిరునామాలు వస్తాయి. ఇంటర్నల్ పద్ధతిలో కింది కంప్యూటర్‌కు కూడా ప్రవేశం ఉండదు, కాబట్టి లోపాలున్న మెషీన్లకు అదే సరైనది. ప్రాక్స్‌మాక్స్‌లో మొదటి నుంచి ఉండే వీఎంబీఆర్0 అనే బ్రిడ్జ్ నెట్‌వర్క్ పోర్ట్‌కు కలిసి ఉంటుంది. మనం వీఎంబీఆర్1 అనే ఇంకో బ్రిడ్జ్ తయారు చేసి, దానికి ఏ భౌతిక పోర్ట్‌నూ జత చేయకుండా, చిరునామా కూడా ఇవ్వకుండా వదిలేస్తే, దాని మీద ఉన్న మెషీన్లు పెట్టె దాటి బయటికి రాలేవు. రెండు బ్రిడ్జ్‌ల మధ్య ఓపీఎన్‌సెన్స్ ఫైర్‌వాల్‌ను ఒక వర్చువల్ మెషీన్‌గా పెట్టి, ల్యాబ్ నుంచి ఇంటి నెట్‌వర్క్‌కు వెళ్లే ప్రయత్నాలన్నీ ఆపేసే నియమం రాశాం. కాలీని అప్‌డేట్ చేయవలసినప్పుడు మాత్రమే ఇంటర్నెట్ దారి తెరిచి, పని కాగానే మూసేస్తాం. నియమం రాసిన తర్వాత మెటాస్ప్లాయిటబుల్ లోపలి నుంచే ఇంటి రౌటర్‌ను పింగ్ చేసి జవాబు రావడం లేదని నిర్ధారించుకోవాలి. నియమాలు మార్చిన ప్రతిసారీ ఈ పరీక్ష మళ్లీ చేయాలి.

ఈ యంత్రం అసలైన పరిమితి కూడా ఇక్కడే బయటపడుతుంది. నెట్‌వర్క్ పోర్ట్ ఒక్కటే ఉండడం వల్ల, పాత రౌటర్ లాంటి నిజమైన పరికరాన్ని ల్యాబ్‌లోకి తీసుకురావాలంటే కలపడానికి ఇంకో పోర్ట్ ఉండదు. యూఎస్‌బీతో పనిచేసే నెట్‌వర్క్ అడాప్టర్ ఒకటి కొనుక్కోవచ్చు. లేదా లోపల పీసీఐఈ రైజర్ (కార్డు తగిలించే చిన్న పలక) అమర్చి, ఇంటెల్ ఐ350 లాంటి నెట్‌వర్క్ కార్డు పెట్టుకోవచ్చు, కానీ అప్పుడు రెండున్నర అంగుళాల డిస్క్ చోటు వదులుకోవాలి, రైజర్‌ను విడిగా వెతికి తెప్పించుకోవాలి. ఇంత చిన్న పెట్టెలో కార్డు పెట్టుకునే సౌకర్యం ఉండడమే విశేషమని నేను అనుకుంటాను. ఇంకొకటి, దూరం నుంచి యంత్రాన్ని ఆన్ చేసి బయాస్ (యంత్రం మొదలయ్యేటప్పటి అమరికలు) దాకా వెళ్లగలిగే వీప్రో సౌకర్యం ఇందులో లేదు, అది కావాలంటే ఇదే వరుసలోని ఎం920క్యూ చూడాలి. ఇంట్లో చేతికి అందే దూరంలో ఉండే యంత్రానికి అది తప్పనిసరి కాదు.

దీని మీద మేము ఏమేమి సాధన చేశామో చెబితే యంత్రం సామర్థ్యం తెలుస్తుంది. మెటాస్ప్లాయిటబుల్ 2 ఉబుంటు 8.04 మీద తయారైన పాత మెషీన్. అందులోని వీఎస్‌ఎఫ్‌టీపీడీ 2.3.4 అనే ఫైల్ సర్వర్ సాఫ్ట్‌వేర్ కథ ప్రతి విద్యార్థీ తెలుసుకోవలసినది. 2011లో ఆ సాఫ్ట్‌వేర్ డౌన్‌లోడ్ ఫైల్‌లోనే ఎవరో దొంగ దారి చొప్పించారు. లాగిన్ పేరులో కోలన్, దాని వెంటనే ముగింపు బ్రాకెట్, అంటే నవ్వు ముఖం గుర్తు, కనబడితే 6200 పోర్ట్ తెరుచుకొని మొత్తం అధికారం చేతికి వచ్చేది. ప్రోగ్రామ్ రాసినవాళ్లు తప్పు చేయకపోయినా, దాన్ని అందించే దారిలో కల్తీ జరగవచ్చని ఈ ఒక్క ఉదాహరణ నేర్పుతుంది. కాలీ ఇమేజ్ దించుకున్నప్పుడు దాని షా256 చెక్‌సమ్‌ను (ఫైల్ మారిందో లేదో చెప్పే వేలిముద్ర లాంటి సంఖ్యను) అధికారిక పేజీలో ఇచ్చినదానితో ఎందుకు సరిపోల్చాలో మా అక్క కూతురికి అప్పుడే బోధపడింది. అంతకు ముందు నేను ఎన్నిసార్లు చెప్పినా అది ఒక తంతులాగే అనిపించేది.

వెబ్ వైపు సాధనకు కావాలనే లోపాలతో తయారు చేసిన డీవీడబ్ల్యూఏ, జ్యూస్ షాప్ యాప్‌లు రెండూ ఒకే కంటైనర్‌లో హాయిగా నడుస్తాయి. డీవీడబ్ల్యూఏలో ఒకే లోపాన్ని లో, మీడియం, హై, ఇంపాజిబుల్ అనే నాలుగు స్థాయిల్లో చూడవచ్చు. ప్రతి స్థాయిలోనూ వెనుక ఉన్న పీహెచ్‌పీ కోడ్ చదివి, రక్షణ ఎలా పెరుగుతూ వచ్చిందో పోల్చుకోవడం దాడి చేయడం కన్నా ఎక్కువ నేర్పుతుంది. వెబ్ భద్రత కోసం పనిచేసే ఓవాస్ప్ సంస్థ అందించే జ్యూస్ షాప్‌లో వందకు పైగా సవాళ్లు ఉన్నాయి, చూడడానికి ఇప్పటి ఆన్‌లైన్ దుకాణంలాగే ఉంటుంది కాబట్టి పిల్లలకు ఆసక్తి నిలుస్తుంది. కాలీలో వెబ్ రాకపోకలను ఆపి పరిశీలించే బర్ప్ సూట్ ఉచిత రూపం, నెట్‌వర్క్‌లో వెళ్లే సమాచారాన్ని చూపే వైర్‌షార్క్, బ్రౌజర్ మూడూ కలిపి తెరిచినా 4 జీబీలో ఇబ్బంది రాలేదు. మామూలు హెచ్‌టీటీపీ పేజీలో టైప్ చేసిన పాస్‌వర్డ్ వైర్‌షార్క్‌లో అక్షరం అక్షరం కనబడడం చూశాక, తాళం గుర్తు లేని పేజీలో మా ఇంట్లో ఎవరూ ఏమీ నింపడం లేదు.

విండోస్ డొమైన్ సాధన కొంచెం బరువైనది. మైక్రోసాఫ్ట్ విండోస్ సర్వర్‌ను 180 రోజులు, విండోస్ ఎంటర్‌ప్రైజ్‌ను 90 రోజులు పరీక్షించుకోవడానికి ఉచితంగా ఇస్తుంది, కాబట్టి దొంగ కాపీల జోలికి పోవలసిన అవసరమే లేదు. మూడు విండోస్ మెషీన్లను ఒకేసారి ఆన్ చేస్తే ఆరు కోర్లూ కొన్ని నిమిషాలు నిండుగా పనిచేస్తాయి, ఆ తర్వాత సర్దుకుంటాయి. ఒక్కొక్కటిగా, డొమైన్ కంట్రోలర్‌ను (డొమైన్‌ను నడిపే సర్వర్‌ను) ముందు, మిగిలినవి తర్వాత ఆన్ అయ్యేలా ప్రాక్స్‌మాక్స్‌లోనే వరుస పెట్టుకోవచ్చు. మెటాస్ప్లాయిటబుల్ 3 లోని విండోస్ సర్వర్ 2008 ఆర్2 మెషీన్‌ను ప్యాకర్, వాగ్రాంట్ పరికరాలతో మనమే కట్టుకోవాలి, దానికి ఓపిక కావాలి. కానీ ఆ మెషీన్ మీద విండోస్ ఫైల్ షేరింగ్‌లోని ఎటర్నల్‌బ్లూ లోపాన్ని చూడడం అవసరం. మైక్రోసాఫ్ట్ దానికి 2017 మార్చి 14న మరమ్మతు విడుదల చేసింది. వేసుకోనివాళ్ల మీద అదే సంవత్సరం మే 12న ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వానాక్రై వచ్చిపడింది. ప్రపంచమంతా వ్యాపించిన ఆ దాడిలో మన ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కూడా కొన్ని చిక్కుకున్నాయి. రెండు నెలల్లో ఒక అప్‌డేట్ వేసుకోకపోతే ఏమవుతుందో ఇంట్లో, ఎవరికీ హాని లేకుండా, కళ్లారా చూడగలిగితే ఆ విద్యార్థి రేపు ఏ కార్యాలయంలో పనిచేసినా అప్‌డేట్‌ను వాయిదా వేయనివ్వదు.

దాడితో పాటు దాని జాడను చూడడం కూడా మేము మొదటి నుంచీ అలవాటు చేసుకున్నాం. కాలీ నుంచి, తెరిచి ఉన్న పోర్ట్‌లను వెతికే ఎన్‌మ్యాప్ నడిపినప్పుడు ఫైర్‌వాల్ లాగ్‌లో ఏ వరుసలు పడ్డాయి, తప్పు పాస్‌వర్డ్‌లు వరుసగా ప్రయత్నించినప్పుడు వాజూ ఏ హెచ్చరిక ఇచ్చింది అనేవి వెంటవెంటనే చూసుకుంటాం. ఉద్యోగాలు దాడి చేసేవాళ్లకన్నా కాపలా కాసేవాళ్లకే ఎక్కువగా ఉంటాయి, కాబట్టి ఈ రెండో సగాన్ని వదిలేసే శిక్షణను నేను సంపూర్ణమని ఒప్పుకోను. 32 జీబీ ఉండాలని పట్టుబట్టడానికి ఇదే అసలు కారణం, ఎందుకంటే ర్యామ్ చాలనప్పుడు ముందుగా ఆపేసేది పర్యవేక్షణ యంత్రాన్నే.

స్నాప్‌షాట్ సౌకర్యం గురించి ఒక మాట. దాడికి ముందు మెషీన్ స్థితిని దాచిపెట్టుకొని, పాడైన తర్వాత కొన్ని క్షణాల్లో అక్కడికే తిరిగి వెళ్లవచ్చు. బావిలో ఈత నేర్చుకునే పిల్లల నడుముకు కట్టే బెండు ఎంత ధైర్యం ఇస్తుందో, ఇది సాధన చేసేవారికి అంత ధైర్యం ఇస్తుంది. ఎన్‌వీఎంఈ డిస్క్ మీద, ప్రాక్స్‌మాక్స్ మామూలుగా ఏర్పాటు చేసే ఎల్‌వీఎం-థిన్ పద్ధతిలో, తిరిగి వెళ్లడానికి వేచి చూసింది లేదు.

మన ప్రాంతపు ఎండ, దుమ్ము ఈ యంత్రానికి అసలైన పరీక్ష పెడతాయి. అనంతపురంలో ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీలు దాటడం మామూలు, ఆషాఢం గాలి మొదలైతే కిటికీ మూసినా సన్నటి దుమ్ము లోపలికి వస్తుంది. కొన్నేళ్లు పనిచేసిన యంత్రం కావడంతో ప్రాసెసర్ మీద థర్మల్ పేస్ట్ ఎండిపోయి ఉంది, పాత పేస్ట్ తుడిచి కొత్తది రాశాక ఫ్యాన్ శబ్దం స్పష్టంగా తగ్గింది. 100 డిగ్రీలు చేరితే ఈ ప్రాసెసర్ తన వేగం తానే తగ్గించుకుంటుంది, కాబట్టి కాలిపోతుందనే భయం లేదు, పని నెమ్మదిస్తుందంతే. మూసిన చెక్క బీరువాలో కాకుండా, గాలి ఆడే కడప బండ అల్మరాలో నిలువుగా పెట్టాం. నెలకోసారి మూత తీసి బ్రష్‌తో దుమ్ము దులిపితే చాలు.

విద్యుత్ ఖర్చు గురించి దిగులు పడనక్కర్లేదు. మెషీన్లు నడుస్తూ పెద్దగా పని లేనప్పుడు నా మీటర్‌లో 15 వాట్ల చుట్టుపక్కల చూపింది, ఆ లెక్కన రోజంతా ఆన్‌లో ఉంచినా నెలకు సుమారు 11 యూనిట్లే అవుతుంది. కరెంటు పోయినప్పుడు మాత్రం, స్నాప్‌షాట్ తీస్తుండగానో డొమైన్ కంట్రోలర్ రాస్తుండగానో ఆగిపోతే మెషీన్ పాడవుతుంది. చిన్న 600 వీఏ యూపీఎస్ ఒకటి ఉంటే యంత్రం, రౌటర్ రెండింటినీ నిదానంగా ఆపడానికి కావలసిన సమయం దొరుకుతుంది. కరెంటు వచ్చాక తనంతట తాను ఆన్ అయ్యే ఏర్పాటు బయాస్‌లో ఉంది, కానీ వేసవిలో నేను దాన్ని ఆపి ఉంచుతాను.

చేయలేని పనులూ ఉన్నాయి. పాస్‌వర్డ్ హ్యాష్‌లను (పాస్‌వర్డ్‌ను మార్చి దాచిన రూపాలను) ఛేదించే హ్యాష్‌క్యాట్‌కు మంచి గ్రాఫిక్స్ కార్డు కావాలి, ఇందులోని యూహెచ్‌డీ 630 గ్రాఫిక్స్ చిన్న జాబితాలతో సూత్రం తెలుసుకోవడానికి పనికొస్తుంది గానీ అంతకు మించి ఆశించకూడదు. వైఫై భద్రత సాధనకు చుట్టూ ఉన్న వైఫై సంకేతాలన్నీ వినే మానిటర్ మోడ్ పనిచేసే యూఎస్‌బీ అడాప్టర్ విడిగా కొనాలి. ఏఆర్9271 చిప్ ఉన్నవి కాలీలో అదనపు డ్రైవర్ లేకుండా పనిచేస్తాయి, కానీ 2.4 గిగాహెర్ట్జ్ వరకే. దాన్ని కూడా సొంత రౌటర్ మీదనే ప్రయోగించాలి, పక్కింటివాళ్ల వైఫై గోడ దాటి మన గదిలోకి వచ్చినా అది మనది కాదు.

దుకాణం అనుభవం అంత సంతృప్తిగా లేదు. యంత్రం ఇంటికి తెచ్చాక చూస్తే బయాస్‌కు పాత సంస్థ పెట్టిన సూపర్‌వైజర్ పాస్‌వర్డ్ అలాగే ఉంది, వర్చువలైజేషన్ ఆపి ఉంది. పాస్‌వర్డ్ లేకుండా దాన్ని తెరవలేం, తెరవకపోతే ఈ ల్యాబ్ లేదు. దుకాణంవాళ్లు వాదించకుండా వెనక్కి తీసుకొని సరిచేసి ఇచ్చారు, ఆ మర్యాదను ఒప్పుకోవాలి. కానీ అమ్మేముందే చూడవలసిన పని అది. అంతకన్నా నన్ను బాధపెట్టింది, లోపల వేసి ఇచ్చిన విండోస్. దొంగ ఆక్టివేటర్‌తో, వైరస్ రక్షణ ఆపేసి ఇచ్చారు. ఆ స్థితిలో ఉన్న యంత్రంలో ఒక విద్యార్థి తన మెయిల్, బ్యాంకు ఖాతా తెరుస్తాడు. ఇది తక్కువ ధరకు ఇచ్చే సౌకర్యం ఎంతమాత్రం కాదు, తెలియనివాళ్లకు చేసే అన్యాయం. ఎక్కడ కొన్నా, లోపల ఏమి వేసి ఇచ్చినా, మొదట డిస్క్ పూర్తిగా చెరిపి, అధికారిక చోటు నుంచి దించుకున్న వ్యవస్థనే వేసుకోవాలి.

ఇతర దారులతో పోల్చి చూస్తే, ట్రైహ్యాక్‌మీ, హ్యాక్ ద బాక్స్ లాంటి ఆన్‌లైన్ ల్యాబ్‌లు మొదలుపెట్టేవారికి చాలా మంచివి, మేమూ వాడుతున్నాం. కానీ అక్కడ నెట్‌వర్క్ వాళ్లు కట్టి ఉంచినది. ఫైర్‌వాల్ నియమం రాయడం, డొమైన్ కట్టడం, లాగ్‌లు ఒకచోటికి చేర్చడం వంటి పనులు సొంత ల్యాబ్‌లోనే చేతికి వస్తాయి. రాస్ప్‌బెర్రీ పై చవకగా కనబడినా ఏఆర్‌ఎం ప్రాసెసర్ కావడంతో మనకు కావలసిన పాత మెషీన్లు, విండోస్ సర్వర్ దాని మీద సరిగా నడవవు. ఇప్పటికే 16 జీబీ ల్యాప్‌టాప్ ఉన్నవారు ఆరు నెలలు వర్చువల్‌బాక్స్‌తో గడిపి, ఆసక్తి నిలిచాకే ఈ యంత్రం గురించి ఆలోచించడం తెలివైన పని.

యంత్రం, 32 జీబీ ర్యామ్, ఒక టీబీ డిస్క్, చిన్న యూపీఎస్ కలిపి నాకు 30 వేల రూపాయల లోపే అయింది. ర్యామ్, డిస్క్ ధరలు తరచూ మారుతుంటాయి కాబట్టి కొనే రోజు విచారించుకోవాలి. బెంగళూరు ఎస్పీ రోడ్డులోనో, కర్నూలువాళ్లయితే సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్‌లోనో కొంత తక్కువకు దొరకవచ్చు, కానీ పాత యంత్రానికి వారంటీ ఇచ్చేవాళ్లు ఊళ్లోనే ఉండడం ఆ తేడాకు తగినదే. డబ్బు ఇచ్చే ముందు దుకాణంలోనే యంత్రం ఆన్ చేయించి, ఎఫ్1 నొక్కి బయాస్‌లోకి వెళ్లి, పాస్‌వర్డ్ అడగడం లేదని, వర్చువలైజేషన్‌కు సంబంధించిన వీటీ-ఎక్స్, వీటీ-డి రెండూ తెరవగలుగుతున్నామని, పాత సంస్థ నిఘా కోసం వాడే కంప్యూట్రేస్ ఆన్‌లో లేదని చూసుకోవాలి. రెండు ర్యామ్ స్లాట్లూ పనిచేస్తున్నాయో లేదో ర్యామ్ స్టిక్‌ను మార్చి పరీక్షించమని అడగాలి. డిస్క్ ఎన్ని గంటలు నడిచిందో చూపించమనాలి. బిల్లు మీద యంత్రం సీరియల్ నంబరు, వారంటీ గడువు రాయించుకోవాలి. ఇవన్నీ చూపించడానికి విసుగు పడే దుకాణంలో కొనకుండా ఇంకో దుకాణానికి వెళ్లడం మంచిది, ఇదే తరం యంత్రాలు పట్టణంలో ఇంకా చాలాచోట్ల దొరుకుతున్నాయి.